ల్యాప్‌టాప్‌కు ట్రయల్

రెండేళ్ల కిందట దర్జీకి చెవులు పూర్తిగా మొరాయించాయి. చేతులకేం కాలేదు, ఇప్పటికీ కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాడు. అయినా కొట్లో ఆయన చోటు ముందు బల్ల దగ్గర నుంచి వెనక గదికి మారిపోయింది. కొలతలూ కబుర్లూ కూతురివి, కాజాలూ గుండీలూ ఆయనవి. ముప్పై ఏళ్లు జనంతో వాగుతూ బతికిన మనిషికి అది శిక్ష కాక మరేమిటి?

కూతురు ఊరుకునే రకం కాదు. చిన్న ల్యాప్‌టాప్ ఒకటి బల్ల మీద పెట్టి, ఎదుటివాళ్ల మాటలు అక్షరాలై తెర మీద పడేలా చేసింది. భేషుగ్గా ఉందనుకున్నారు, ఓ పది నిమిషాలు. ఆ తర్వాత దాని ఒళ్లు కాలిపోయేది. వేడి తట్టుకోలేక తన వేగం తానే తగ్గించుకునేది. మాటలు ఒక వాక్యం వెనకబడిపోయేవి.

కిందటి వారం కోటు కొలతలకు వచ్చిన లెక్చరరు, ఇంట్లో ఆవిడ బాగున్నారా అని దర్జీని మర్యాదగా అడిగాడు. తెర మీద ఇంకా ఆయన నడుము సంగతే నడుస్తోంది. రెండంగుళాలు వదులు చేస్తే సరిపోతుందన్నాడు దర్జీ. కొట్లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. అసలు ప్రశ్న తెర మీదికి వచ్చేసరికి దర్జీకి తల కొట్టేసినట్టయింది. ఆపైన లెక్చరరు ప్రతి మాటా కూతురి వైపు తిరిగే మాట్లాడాడు. నవ్వుకన్నా అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఇవాళ పదకొండింటికి ఆ కోటుకు ట్రయల్. ఈసారీ తెల్లమొహం వెయ్యాల్సి వస్తే ఇక జన్మలో ముందు బల్ల దగ్గరికి రానని దర్జీ ఖరాఖండీగా చెప్పేశాడు. అన్నాడంటే అన్నంత పనీ చేసే మొండిఘటం.

అందుకే పొద్దున్నే కూతురు ఒక సాఫ్ట్‌వేర్ తెరిచి, అదేం చేస్తుందో తండ్రికి కాగితం మీద రాసి చూపించింది. ప్రాసెసర్‌కు కంపెనీవాళ్లు కొంచెం ఎక్కువ వోల్టేజీయే ఇస్తారట. అది తగ్గిస్తే అదే పని తక్కువ వేడితో చేస్తుందట, వేగం కూడా పడిపోదట. రెడీమేడ్ చొక్కా అందరికీ పట్టాలని వదులుగా కుట్టినట్టన్నమాట, అనుకున్నాడు దర్జీ.

తొందరలో తండ్రి పోలికే కదా. ఒకేసారి నూట యాభై మిల్లీవోల్టులు తగ్గించేసింది. అంతటితో ఆగిందా, ఆన్ చేసిన ప్రతిసారీ అదే అమలయ్యేలా టిక్కు కూడా పెట్టేసింది. తెర బిగుసుకుపోయింది. ఆపి ఆన్ చేస్తే మళ్లీ అదే వోల్టేజీ, మళ్లీ బిగుసుకుపోవడం. నాలుగుసార్లయ్యాక పిల్ల మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. చివరికి సాఫ్ట్‌వేర్ లేవకుండా సేఫ్ మోడ్‌లో తెరిచి టిక్కు తీసేసరికి తొమ్మిదిన్నర.

ఎంత తగ్గించావని అడిగాడు దర్జీ. ఆమె సుద్దతో బల్ల మీద రాసి చూపించింది.

"ఒక్కసారే అంతా? చొక్కా వదులుగా ఉందని ఒక్క కోతకే నాలుగంగుళాలు తీసేస్తామా తల్లీ? పిన్ను పెట్టి కొంచెం లాగు. తొడిగి చూడు. కూర్చోబెట్టు, లేపు, చేతులు పైకెత్తించు. బాగుంటేనే ఇంకాస్త. ట్రయల్ కాకుండా కుట్టెయ్యకు."

పదేసి మిల్లీవోల్టుల చొప్పున తగ్గించుకుంటూ వచ్చారు. తగ్గించినప్పుడల్లా దర్జీ దాని ముందు కూర్చుని పేపరు గట్టిగా చదివాడు. ఆమె దాన్ని నిద్రపుచ్చింది, లేపింది. ఆయన సుద్దతో గీతలు గీశాడు. వంద దగ్గర తెర ఆగిపోయింది. తొంభైకి వెళ్దామంది కూతురు. ఎనభై చాలు, లోపల కాస్త గుడ్డ వదలాలి అన్నాడు ఆయన. అంతకుముందు తొంభై ఏడు డిగ్రీలకు మరిగిన ప్రాసెసర్ ఇప్పుడు డెబ్బై ఎనిమిది డిగ్రీల దగ్గర నిలబడింది. అప్పుడు పెట్టింది టిక్కు.

లెక్చరరు వచ్చాడు. కోటు తొడుక్కుని, అలవాటుగా కూతురి వైపే తిరిగాడు. ఎడమ పక్క పట్టేస్తోందని నాన్నగారితో చెప్పమన్నాడు.

ఆయన నోరు మూసేలోపే అక్షరాలు తెర మీద ఉన్నాయి.

"పట్టెయ్యక ఏం చేస్తుంది సార్, చొక్కా జేబులో ఫోను పెట్టుకున్నారు. తీసి చూడండి" అన్నాడు దర్జీ.

లెక్చరరు బిత్తరపోయి ఫోను తీశాడు. కోటు ఒంటికి అతికినట్టు కూర్చుంది. ఆయన స్టూలు లాక్కుని దర్జీకి ఎదురుగా కూర్చున్నాడు.

"మాస్టారూ, ఈ కోటు ఎందుకు కుట్టించుకుంటున్నానో మీకు చెప్పనేలేదు కదూ?"

చెప్పండన్నట్టు తలూపాడు దర్జీ. అరగంట చెప్పాడు లెక్చరరు. దర్జీ ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఆయన మీద పెట్టి అంతా విన్నాడు. మధ్యలో రెండుసార్లు అడ్డుపడ్డాడు కూడా.