ఎడమచేతి మడతచాకు

నేను ఒక మడతచాకును. విప్పితే జానెడు, మడిస్తే బెత్తెడు. వంటింటి కత్తిపీటలకు నేనంటే చిన్నచూపు. "నడుం విరిగినదానివి" అంటాయి. విరగలేదమ్మా, వంగుతుంది. ఉన్నచోటు నుంచి కదల్లేని వాటికి ఆ సుఖం ఏం తెలుసు?

పూర్వజన్మలో నేను లారీ కింద కమాను పట్టీని. ఇటుకల బరువుకు విరిగి, మండపేటలో కొమ్మోజు వీరాచారి కొలిమికి చేరాను. ఆయన చెయ్యి బంగారం. నోటికి మాత్రం మూత లేదు. నన్ను కాల్చి, కొట్టి, నూనెలో ముంచి, చింతచేవ పిడిలో ఇత్తడి మేకుతో బిగించాడు. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో సానపట్టేటప్పుడు తన మేనల్లుడికి వచ్చిన సంబంధాల గురించి ఎవరికో చెబుతూ చెబుతూ, ఒక పక్క పట్టాల్సిన పదును రెండో పక్క పట్టేశాడు.

నన్ను చేసింది మొక్కలకు అంట్లు కట్టడానికి. అలాంటి చాకుకు పదును ఒకే పక్క ఉంటుంది, రెండో పక్క చదునుగా ఉంటుంది. నాది తారుమారైంది. దాంతో కుడిచేత్తో నన్ను పట్టిన ప్రతివాడూ పుల్ల చెక్కబోయి గోరు చెక్కుకున్నాడు. "దెయ్యం పట్టిన చాకు" అని తిట్టి తిరిగి ఇచ్చేశాడు. తప్పు చేసినవాడు హాయిగా ఉన్నాడు, చెడ్డపేరు నాకొచ్చింది. మనుషుల లోకంలో ఇది మామూలేనట.

చివరికి పోలినాయుడనే గోడౌను కాపలాదారు నన్ను కొన్నాడు. దొంగల కోసమట! రోజూ నలుగురిలో నన్ను టక్కున విప్పి, మీసం దువ్వి, టక్కున మడిచేవాడు. ఆయన దగ్గరున్న మూడేళ్లలో నేను కోసినవి మామిడికాయలు, తాటిముంజలు, ఒకసారి ఆయన కాలి ఆనె. నిజంగా ఒక కుక్క మీదికి వచ్చిన రోజున నన్ను దాని మీదికి విసిరేసి పరుగెత్తాడు. ఆ కుక్క నన్ను వాసన చూసి వదిలేసింది. అది పోయాక వచ్చి నన్ను ఏరుకున్నాడు.

ఒకనాడు ఆయన గులాబీ మొక్క కోసం కడియపులంక వెళ్లాడు. నర్సరీలో కూడా నన్ను విప్పి చూపించాడు. అక్కడ అంట్లు కడుతున్న నీలవేణి నన్ను ఎడమచేత్తో అందుకుంది. ఆ పిల్లది ఎడమచేతి వాటం. పక్కనున్న మామిడి పుల్లను ఒక్క గీత గీసింది. పుల్ల వెన్నలా తెగింది.

"బాబాయ్, ఈ చాకు నాకిచ్చెయ్యండి. మీక్కావాల్సిన మొక్క పట్టికెళ్లండి," అంది.

పోలినాయుడు రెండు గులాబీలు, ఒక సపోటా అంటు పట్టుకుని వెళ్లాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. నేను పుట్టింది ఈ చేతి కోసమేనని ఆ క్షణాన తెలిసింది.

నీలవేణిని పెంచింది వాళ్ల మామ్మ అచ్చియ్యమ్మ. ఆవిడ భర్త చిన్నప్పుడు టెంక నాటి పెంచిన మామిడిచెట్టు ఒకటి కాలవగట్టున ఉండేది. పీచు లేని పండు, తేనె రుచి. అలాంటి చెట్టు చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఆ ఇంట్లో ఊరందరికీ వేలకు వేలు అంట్లు కట్టారు గాని, దానికి మాత్రం ఒక్కటీ కట్టలేదు. "మన చెట్టే కదా, ఎప్పుడైనా కట్టొచ్చు" అనుకుంటూ వచ్చారు. పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అన్నారా!

వైశాఖంలో నీలవేణి పెళ్లి కుదిరింది. వరుడు తునిలో సెల్‌ఫోన్లు బాగుచేసే త్రినాథ్. వాళ్లింటి ఆచారం ప్రకారం పెళ్లికొడుకు చేతిలో నిమ్మకాయ గుచ్చిన కత్తి ఉండాలి. పదహారు రోజుల పండగ దాకా అది అతని చేతిలో గాని, మొలలో గాని ఉండాలి తప్ప ఇంకొకరి చేతికి వెళ్లకూడదు. తీరా పెళ్లివారు దిగాక చూస్తే నిమ్మకాయలు డజను తెచ్చారు, కత్తి ఫ్రిజ్ మీద మరిచారు. ముహూర్తం దగ్గరపడింది. అచ్చియ్యమ్మ నీలవేణి సంచీలో నుంచి నన్ను తీసి ఇచ్చేసింది. అలా నా ముక్కుకు నిమ్మకాయ తొడిగి పెళ్లిపందిట్లో కూర్చోబెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం గాలివాన వచ్చి కాలవగట్టు మామిడిని వేళ్లతో సహా పెకలించి పడేసింది. అచ్చియ్యమ్మ ఆ కొమ్మల మధ్య కూలబడి, "ఆయన పోయినా చెట్టుందనుకున్నానే," అని ఏడ్చింది. చూడలేకపోయాను.

నీలవేణి కొమ్మలకు తడిగుడ్డ చుట్టింది. వాటి పుల్లలతో అంట్లు కడితే ఆ చెట్టు జాతైనా నిలుస్తుంది. పుల్లల్లో ప్రాణం ఉండేది రెండు రోజులే. తెల్లారితే తను తుని వెళ్లిపోవాలి. మామ్మకు చేతులు వణుకు. పనివాళ్లు పెళ్లిభోజనం చేసి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లారు. వేరే చాకులతో మూడు పుల్లలు చెక్కి చూసింది. అవన్నీ కుడిచేతి చాకులు. నాకు అలవాటుపడ్డ ఆ చేతిలో మూడూ చీలిపోయాయి.

"ఏవండీ, ఆ చాకు ఒక్క గంట ఇస్తారా?" అని భర్తను అడిగింది.

"ఒరే త్రినాథూ, ఇచ్చేవంటే చూడు!" అన్నాడు అతని పెదనాన్న సింహాద్రి. "మనింట్లో ఎప్పుడూ ఇలాటిది జరగలేదు."

త్రినాథ్ పెదనాన్న వంక చూశాడు, నేల మీద కూర్చున్న మామ్మ వంక చూశాడు. నిమ్మకాయ పీకేసి, నన్ను పంచె కొంగుతో తుడిచి, ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"చాకు నా చేతిలోనే ఉంటుంది పెదనాన్నా," అన్నాడు. నీలవేణి వైపు తిరిగి, "నా చెయ్యి నువ్వు పట్టుకో," అన్నాడు.

సింహాద్రి వేళ్లు మడిచి ఆచారమంతా లెక్కపెట్టుకున్నాడు గాని ఎక్కడా తప్పు దొరకలేదు.

నీలవేణి సిగ్గుపడుతూనే అతని చేతి మీద తన చెయ్యి వేసింది. సెల్‌ఫోన్ లోపలి సన్నటి తీగలు అతికే చెయ్యి అది, త్వరగానే మాట విన్నది. మొదటి రెండు పుల్లలూ పాడయ్యాయి. మూడోది కుదిరింది. నర్సరీలో టెంకల నుంచి మొలిపించిన మొక్క తల కోసి, మధ్యకు చీల్చి, పుల్ల గుచ్చి, పట్టీ చుట్టారు. పొద్దుగుంకే వేళకు పదకొండు అంట్లు కట్టారు. మధ్యమధ్య ఏం గుసగుసలాడుకున్నారో నాకు తెలుసు, మీకు చెప్పను.

పదహారో రోజున అందరూ మళ్లీ కడియపులంక వచ్చారు. కాళ్లు కూడా కడుక్కోకుండా నీలవేణి నీడపందిరి కిందికి పరుగెత్తింది. నాలుగు ఎండిపోయాయి. మిగతా ఏడు అంట్లూ రాగిరంగు చిగుళ్లు తొడిగాయి. అచ్చియ్యమ్మ ఒక లేతాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. మామిడి ఆకు వాసనలో దాని జాతి తెలిసిపోతుంది.

"మాదే," అంది.

సాయంత్రం పండగ తంతు ముగిసింది. "గండం గడిచింది, ఇక ఆ చాకు దించెయ్యరా," అన్నాడు సింహాద్రి.

త్రినాథ్ నన్ను దించలేదు. పందిరి కింద అంట్లకు సిద్ధంగా ఉన్న టెంక మొక్కల వరసలు చూశాడు.

"ఇవన్నీ ఇంకా కట్టాలి కదా?" అంటూ నేను ఉన్న ఎడమచెయ్యి నీలవేణి వైపు చాచాడు.