ఏటి దగ్గర ఆగిన లారీ

కొండల మధ్య ఊరు నారిన్‌లో లారీ ఉన్నవాళ్ళందరికీ తాలాయ్ పేరు తెలుసు. అదే వాడి ఖర్మ. ఇరవై మూడేళ్ళకే మూడు ప్రమాదాలు చేశాడు. మొదటిసారి కనుమ మీద మంచులో జారి లారీని పక్కకు పడుకోబెట్టాడు. రెండోసారి సంతలో వెనక్కి తీస్తూ ఒకాయన గోడ కూల్చాడు. మూడోది నిరుటిది. మలుపులో సత్కిన్ తాత గుర్రాన్ని గుద్దాడు. పాలిచ్చే ఆడగుర్రం, అక్కడికక్కడే పోయింది. వాడి లైసెన్సు పోలేదు గానీ పేరు పోయింది. లైసెన్సు పోతే ఏ ఆఫీసులోనో మళ్ళీ ఇస్తారు. పేరు పోతే ఎవరిస్తారు?

ఆ వసంతంలో వాడు ఏడుగురు యజమానుల గడపలెక్కాడు. "నా లారీకి ఇంకా రంగు ఆరలేదు నాయనా" అన్నాడొకడు. ఇంకొకడు టీ పోసి, రొట్టె పెట్టి, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి కూడా అడిగి, పని మాట మాత్రం ఎత్తకుండా సాగనంపాడు. పోనీ అబద్ధమాడదామా అంటే, ఒకరింట్లో తుమ్మితే ఇంకొకరింట్లో చిరంజీవ అనే ఊరది.

ఎనిమిదో గడప బురుల్ అక్కది. భర్త పోయి నాలుగేళ్ళయింది. ఆయన వదిలివెళ్ళిన మూడు లారీలతో గని నుంచి బొగ్గు తోలిస్తోంది. తాలాయ్ వెళ్ళేసరికి లారీ కింద ఉంది. గ్రీజు చేతులతో బయటికొచ్చి, పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"ఎన్ని?"

"మూడు, అక్కా."

"తప్పెవరిది?"

"అప్పుడు మంచు బాగా..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "మూడూ నావే."

"నీకు లారీ ఇవ్వడం కొరివితో తల గోక్కోవడమేనంటోంది ఊరంతా. తెలుసా?"

"తెలుసక్కా. నేనూ విన్నాను."

ఆమెకు నవ్వొచ్చింది గానీ బయటపడనివ్వలేదు. "సరే. నువ్వు నష్టపెట్టినవాళ్ళలో ఒక్కరి దగ్గర్నుంచి దీవెన తీసుకురా. ఆ గుర్రం పోయిన ముసలాయన అరచేతులు చాచి నీకు మంచి కోరాడంటే తాళంచెవి ఇస్తాను. లేకపోతే ఈ గుమ్మం మళ్ళీ తొక్కకు."

దూరం వెళ్ళేవాడికి ఇంటి పెద్ద అరచేతులు తెరిచి దీవించనిదే అక్కడ ఎవరూ బండి కదిలించరు. అది మామూలే. కానీ గుర్రాన్ని చంపినవాడు, ఆ గుర్రం యజమాని దగ్గరికే వెళ్ళి దీవించమనడం! తాలాయ్‌కి దానికన్నా చలికాలంలో కనుమ నడిచి దాటడం తేలికనిపించింది. అయినా మర్నాడు వ్యాను పట్టుకుని కొండ కింది ఊరికి వెళ్ళాడు.

సత్కిన్ తాత వాకిట్లో అంతా గందరగోళం. జూన్ వచ్చింది, వేసవికి కాపురం కొండ మీది మేతబయలుకు ఎక్కాలి. చిన్న కొడుకులిద్దరూ మందను తోలుకుని ముందురోజే కొండదారిన వెళ్ళిపోయారు. గుడారం, ఉన్ని దుప్పట్లు, పొయ్యి, పిండి బస్తాలు పాత లారీలో ఎక్కించి ఉన్నాయి. నడపాల్సిన పెద్ద కొడుకు మాత్రం నడుం పట్టేసి లోపల మూలుగుతున్నాడు.

తాలాయ్‌ని చూడగానే తాత లేచాడు. "గుర్రం చాల్లేదా? నన్ను గుద్దడానికొచ్చావా?"

తాలాయ్ తల వంచుకుని వచ్చిన పని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"దీవెనా!" తాతకు మాట తడబడింది. "ఏమే, విన్నావా? వీడికి దీవెన కావాలట!"

బూబూయ్ అవ్వ బస్తా మూతి బిగిస్తూనే అంది, "విన్నాను. పొద్దున్నుంచీ డ్రైవర్ని పంపమని దేవుణ్ణి వేధించింది నువ్వేగా. పంపాడు."

"దేవుడు పంపితే ఇంకాస్త మంచివాణ్ణి పంపేవాడు."

"ఉన్నవాళ్ళలో పంపాడు. ఎక్కు."

తాత చాలాసేపు గొణిగి, "ముందు నా కాపురం కొండెక్కించు. దీవెన సంగతి తర్వాత" అన్నాడు.

అవ్వ మధ్యలో, తాత కిటికీ పక్కన కూర్చున్నారు. వెనక రెండు దూడలు, ఒక గంప కోళ్ళు. తాలాయ్ గుంత కనబడితే ఆగి, మలుపొస్తే హారన్ కొట్టి నడిపాడు. "ఇంతకన్నా నా దూడలు ముందు చేరేవి" అని తాత సణిగినా, అవ్వ కునుకు తీసింది. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. నాలుగింటికి ఏరు దగ్గరికొచ్చారు. వంతెన లేదు, నీళ్ళలోంచే దాటాలి.

పగలంతా ఎండకు కరిగిన మంచు ఆ వేళకు ఏటిలోకి దిగుతుంది. నీళ్ళు ఎర్రగా, ఒడ్లొరుసుకుని పోతున్నాయి. అడుగున బండలు దొర్లే చప్పుడు వినిపిస్తోంది. తాలాయ్ దిగి, కర్ర పట్టుకుని తొడలదాకా వెళ్ళి, నిలదొక్కుకోలేక వెనక్కి వచ్చాడు. లారీ ఎక్కి ఇంజన్ ఆపేశాడు.

"తెల్లారాక దాటుదాం తాతా. రాత్రి చలికి నీళ్ళు తగ్గుతాయి."

"నలభై ఏళ్ళుగా దాటుతున్నాను ఇక్కడ. నువ్వు నాకు నీళ్ళ గురించి చెబుతావా?"

"చెప్పట్లేదు తాతా. నేను దాటించలేను."

"నా కొడుకులు పైన ఉన్నారురా! గుడారం ఈ లారీలో ఉంది. వాన వచ్చేలా ఉంది, కనబడట్లేదా?"

"కనబడుతోంది."

తాత వాడి వైపు తిరిగి, రెండు అరచేతులూ తెరిచి ముందుకు చాపాడు. "నీకు కావలసింది ఇదేగా? ఇప్పుడే ఇస్తాను. నిండు మనసుతో ఇస్తాను. దాటించు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాలాయ్‌కి కావలసిన ఉద్యోగం, పేరు, అమ్మ మొహంలో నవ్వు, అన్నీ ఆ ముడతల చేతుల్లో ఉన్నాయి. ఒక్కసారి తాళంచెవి తిప్పితే చాలు. కానీ వెనకటి మూడుసార్లూ ఇలాగే జరిగింది. చీకటిపడేలోగా చేరమని ఒకడు, రా రా చోటుందని ఒకడు, ఇంకా ఎక్కడున్నావని ఫోనులో ఒకడు. ఎవరో తొందరపెట్టారు, వాడు సరేనన్నాడు. సరేనన్న తప్పు మాత్రం వాడిదే.

"వద్దు తాతా," అన్నాడు. "అవ్వని ఈ నీళ్ళలోకి దించను."

తాత చేతులు ముడిచేసుకున్నాడు. దిగిపోయి, లారీకి వీపు తిప్పి ఒక బండ మీద కూర్చున్నాడు. అవ్వ పొయ్యి దించి టీ కాచింది. ఆయనకిస్తే వెనక్కి తిరగకుండానే తాగాడు. చీకటి పడ్డాక వాన కురిసింది. ఒక్కో చినుకూ తాలాయ్‌కి తిట్టులా వినిపించింది.

వాన వెలిసి చలి ముదరడంతో సూర్యుడు రాకముందే నీళ్ళు మోకాలి దిగువకు దిగాయి. టీ చల్లారేంతలో అవతలికి చేరారు. పైన కొడుకులిద్దరూ బండ చాటున గొర్రెల మధ్య కూర్చుని ఉన్నారు. తడిసి ముద్దయ్యారు, తుమ్ముతున్నారు, అంతకుమించి ఏమీ కాలేదు. తాత వాళ్ళ తలలు తడిమి, గుడారం కర్రలు దించడంలో పడ్డాడు. తాలాయ్ వైపు కన్నెత్తి చూడలేదు.

అవ్వ వాడి జేబులో ఎండబెట్టిన గట్టి పెరుగుండలు కుక్కింది. "ఆయన ఇవ్వడురా. మొండిఘటం. నువ్వూ తక్కువేం కాదులే. జాగ్రత్తగా దిగు."

ఖాళీ లారీని తాత ఇంటి దగ్గర అప్పజెప్పి వాడు నారిన్ వచ్చాడు. దారంతా ఒకటే ఆలోచన. మేతబయల్లో ఫోను పలకదు. ఇచ్చాడని చెప్పేస్తే, తాత కిందికి దిగేదాకా, అంటే సెప్టెంబరు దాకా, ఎవరికీ తెలియదు. ఈలోగా బాగా నడిపి చూపించొచ్చు. బురుల్ అక్క గుమ్మం దాకా ఆ అబద్ధాన్ని నోట్లో పెట్టుకునే వచ్చాడు.

"ఇచ్చాడా?"

"లేదక్కా," అన్నాడు. ఏరు సంగతంతా చెప్పాడు.

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నది. "చేతులు చాచాడా?"

"చాచాడు."

"నువ్వే వద్దన్నావా?"

"నేనే."

ఆమె పక్కనున్న టైరు మీద కూలబడింది. "మా ఆయన్ని దీవించని ముసలివాళ్ళు ఈ లోయలో లేరురా. ఎవరేమడిగినా కాదనేవాడు కాదు. ఆ రోజు పెళ్ళివాళ్ళు తీసుకెళ్ళమని బతిమాలారు. కనుమలో మంచు తుఫానని ఆయనకీ తెలుసు. సరేనన్నాడు. పదిమంది చేతులెత్తి దీవించి మరీ పంపించారు."

"మరి నన్ను దీవెన తెమ్మన్నావేం అక్కా?"

"ఏం అడగాలో తెలియక." కళ్ళు ముంజేత్తో ఒత్తుకుని లేచింది. జేబులోంచి తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టింది. "నేను తొందరపెట్టే మనిషిని. నన్నూ కాదనగలవా?"

"అంటానక్కా."

"అయితే ఇప్పుడే బయలుదేరు. గని దగ్గర వరస పెరిగిపోతోంది."

తాలాయ్ తాళంచెవి పట్టుకుని లారీ చుట్టూ నడిచాడు. వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎడమవైపు టైరు అరిగిపోయిందక్కా. మార్చేదాకా వెళ్ళను."

"మొదటి రోజే మొదలుపెట్టావూ!" అని తిట్టుకుంటూ బురుల్ అక్క జాకీ తేవడానికి వెళ్ళింది.