వరసగా పదకొండు

తమ్ముడి ప్రోగ్రాం వరసగా పదకొండు ఆటలు గెలిచిందని విన్నప్పుడు అక్క ముందు సంతోషించింది. లెక్క ఆ తర్వాత గుర్తొచ్చింది. విత్తనాల పరీక్షా కేంద్రంలో మొలకలు లెక్కపెట్టి, ఏ బస్తాను నమ్మొచ్చో చెప్పడం ఆమె ఉద్యోగం. అలాంటి మనిషికి మరీ మంచి ఫలితం కనబడితే చెయ్యి ఊరుకోదు.

చదరంగం క్లబ్బు వాళ్లు, సభ్యులు తీరిక వేళల్లో రాసుకున్న కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఏటా ఒక పోటీ పెడతారు. సెమీఫైనల్లో తమ్ముడి ప్రోగ్రాం పళ్ల డాక్టరు ప్రోగ్రాంతో తలపడింది. ఆడాల్సినవి ఇరవై. పదకొండో ఓటమి తర్వాత డాక్టరు ఆట ఆపించేశాడు. ఎవరిదో పెద్ద ప్రోగ్రాం తెచ్చి తన పేరు తగిలించుకున్నాడని తమ్ముడి మీద ఫిర్యాదు. అది నిజమైతే క్లబ్బు నుంచి గెంటేస్తారు.

"తేల్చే పని వాళ్లక్కకే ఇవ్వండి. సొంత తమ్ముడైనా సరే, ఆవిడ లెక్క తప్పి మాట్లాడదు" అన్నాడు డాక్టరు కార్యదర్శితో. పన్ను పీకేముందు చెప్పే తియ్యటి మాటలా వినిపించింది ఆమెకు.

ముందు తమ్ముణ్ని గట్టెక్కించాలనే చూసింది. నాణెం ఎగరేస్తూ కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు బొమ్మే వరసగా పదిసార్లు పడుతుంది, అందులో మాయ లేదు. కానీ ఈ గెలుపులు ఏ వెయ్యి ఆటల మధ్యనుంచో ఏరుకున్నవి కావు, మొదటి ఆట నుంచీ వచ్చినవి. పైగా ఈ రెండు ప్రోగ్రాములూ సాధనలో ఎన్నోసార్లు ఆడాయి. సగం ఆటలు డ్రా, మిగతావి చెరిసగం. అంటే తమ్ముడు గెలవడం నాలుగింట ఒక వంతు. అది వరసగా పదకొండుసార్లు జరగాలంటే నలభై లక్షల్లో ఒక్క అవకాశం. తమ్ముడి ప్రోగ్రాం ఈ మధ్య కాస్త మెరుగుపడిందనుకుని లెక్క మళ్లీ వేసింది. అయినా మింగుడుపడలేదు.

తమ్ముడి సంగతి ఆమెకు తెలుసు. ప్రింటర్లు బాగుచేసుకునే వాడు, ఏళ్ల తరబడి రాసిన ప్రోగ్రాంతో ఏటా మొదటి రౌండులోనే ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు ఇల్లంతా ఈల వేస్తూ తిరుగుతున్నాడు. వాణ్నే అడిగేస్తే సరిపోతుంది. నిజం ఒప్పేసుకుంటాడేమోనని భయపడి నోరు మెదపలేదు.

మర్నాడు పరీక్షా కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒక అంకె పట్టుకొచ్చి, ఇది నమ్మొచ్చా అని అడిగింది. "అంకె సంగతి తర్వాత. ముందు ట్రేలో గింజలు చూశావా?" అంది అలవాటుగా. అన్నాక తనే ఆగిపోయింది. రెండు రోజులుగా ఆమె గెలుపులు లెక్కపెట్టింది తప్ప ఒక్క ఆటా చూడలేదు.

సాయంత్రం క్లబ్బు గదిలో బోర్డు ముందు కూర్చుని, రాసిపెట్టిన ఎత్తులు చూస్తూ మొదటి ఆట ఆడి చూసింది. తర్వాత రెండోది. మూడోది సగంలో ఉండగా, తెల్లగుర్రం మళ్లీ అదే గడిలోకి దూకేసరికి నవ్వొచ్చేసింది. మిగతావీ తిరగేసింది. పదకొండూ ఒకే ఆట, ఆఖరి బంటు దాకా.

"ఆటకీ ఆటకీ మధ్య ఏం చేస్తారండీ?" అని కార్యదర్శిని అడిగింది.

"కంప్యూటర్ ఆపేసి మళ్లీ ఆన్ చేస్తానమ్మా. పాత ఆట తాలూకు జ్ఞాపకం ఏదీ మిగలకూడదు కదా. న్యాయమంటే న్యాయమే."

ఆయన నిప్పులు కడిగే రకం. ఒక్కో ఆటకు ఒక్కో రకం ఆరంభపు ఎత్తులు ఇచ్చే జాబితా, ఆయన ఆన్ చేసినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి మొదలైంది, ఆట ఆటకూ చేతులు మారాల్సిన తెల్లపావులు మళ్లీ తమ్ముడికే వెళ్లాయి. అదే ఆరంభం ఇస్తే ఆ ప్రోగ్రాములు అవే ఎత్తులు వేస్తాయి. సాధనలో ఎవరూ మధ్యలో ఆపలేదు కాబట్టి ఈ సంగతి బయటపడలేదు.

"మనం ఒకే గింజను పదకొండుసార్లు లెక్కపెట్టాం" అంది అక్క.

"అంటే నేను ఓడింది ఒక్కటేనా?" పక్కనే నిలబడి చూస్తున్న డాక్టరు మొహం వెలిగింది. ఆ వెలుగు చూశాకే ఆమెకు తట్టింది, తమ్ముడు దొంగ కాదని తేల్చిన లెక్కే వాడి గెలుపులు పది లాగేసుకుందని.

ఇంటికొచ్చేసరికి వాడు ఒక ప్రింటర్ పొట్ట విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. చేతులకు సిరా. ఆమె దాచకుండా అంతా చెప్పింది. మిగతా పందొమ్మిదీ వచ్చే ఆదివారం మళ్లీ ఆడాలని కూడా చెప్పింది. వాడు చాలాసేపు చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"నిన్ను అనుమానించాన్రా" అంది. ఆ మాట చెప్పకపోతే ఆమెకు అన్నం దిగేలా లేదు.

"నేనూ అనుమానించాను అక్కా. మూడో గెలుపు నుంచీ. నేను రాసింది అంత బాగా ఆడదని నాకు తెలీదా? తెలియకుండా ఎవరిదన్నా కాపీ కొట్టేశానేమోనని ప్రోగ్రాం అంతా రెండుసార్లు చదివాను."

"మరి ఈలలు?"

"నువ్వు అడుగుతావేమోనని భయం."

అక్క వాడి పక్కనే చతికిలబడింది.

"ఆ ఒక్కటీ మాత్రం నాదేగా?" అన్నాడు.

"నీదే."

"చూపించు మరి."

అక్క బోర్డు తెచ్చి, ప్రింటర్‌ను పక్కకు జరిపి, పావులు పేర్చింది.