తండ్రి పేరు గడి

జననాల నమోదు ఆఫీసులో మూడో కిటికీ గుమస్తాకి ఒకటే గొప్ప. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఏ దరఖాస్తులోనూ ఒక్క గడి ఖాళీగా పోనివ్వలేదు. ఆ గొప్పే చివరికి చెల్లెలి కొంప ముంచింది.

తండ్రి పేరు రాయకపోతే బిడ్డకి జనన పత్రం ఇవ్వకూడదని చట్టం. తన్ని తగలేసినవాడైనా సరే, ఆ మహానుభావుడి పేరు ఉండి తీరాలి. దాన్ని ఎదిరించడానికి కొందరు తల్లులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి సోమవారం వరసలో నిలబడి, ఆ గడి ఖాళీగా వదిలేసిన దరఖాస్తు ఇస్తారు. గుమస్తా 'తిరస్కరించడమైనది' అని ముద్ర కొడతాడు. నమస్కారం పెట్టి వెళ్లిపోతారు. కేకల్లేవు, తిట్లు లేవు. మళ్లీ సోమవారం వస్తారు.

ఆ వరసలో ఆయన సొంత చెల్లెలూ ఉంది. తాగొచ్చి చెయ్యి విరిచిన మొగుణ్ణి వదిలేసి, ఐదేళ్ల కూతురితో అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది. పిల్లని బడిలో చేర్చే గడువు దగ్గర పడింది. ఆమె దరఖాస్తు మీద ముప్పయ్యో ముద్ర కొట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. చెల్లెలు అటు వెళ్లగానే, ఆ గడిలో ఆమె మొగుడి పేరు తనే రాసేశాడు. సాయంత్రం పత్రం తెచ్చి, ఏదో వరమిచ్చినట్టు ఆమె చేతిలో పెట్టాడు. ఆ పూట చెల్లెలు అన్నం ముట్టలేదు.

ఆ చట్టం కొట్టెయ్యమని తల్లులు వేసిన కేసులో, ప్రభుత్వ వకీలు కోర్టులో ఆ పత్రాన్నే ఎత్తి చూపించాడు. "వాళ్లలో ఒకావిడ బుద్ధిగా రాసిచ్చింది. మిగతావాళ్లది వట్టి మొండితనం!" తల్లులు చెల్లెలితో మాట్లాడ్డం మానేశారు. నిజం చెబితే అన్నయ్య ఉద్యోగం ఊడుతుందని ఆమె నోరు మెదపలేదు. ఆయనా మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే నెలనెలా జీతం తెచ్చుకున్నాడు.

తల్లులు మాత్రం ఆగలేదు. ఇంకో రెండేళ్ల సోమవారాలు. వరస మెట్లు దిగి వీధి మలుపు దాకా పెరిగింది. చివరికి చట్టమే దిగొచ్చింది. తల్లి పేరొక్కటే చాలన్నారు. ఆ రోజు కిటికీ ముందు ఏడుపులూ నవ్వులూ కలిసిపోయాయి. ఒక ముసలమ్మ, ముద్రలు కొట్టిన ఆయన చేతినే పట్టుకుని ఊపేసింది. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు ఆయనకి.

అందరూ వెళ్లాక చెల్లెలు వచ్చింది.

"అన్నయ్యా, మన పిల్ల పత్రం మారుస్తారా? రేపు వాడు ఆ కాగితం చూపించి, నా కూతురేదీ అంటే నేనేం చెయ్యను?"

ఇచ్చేసిన పత్రాన్ని మార్చడానికి వీల్లేదు. ఆ నియమం ఆయనకి కంఠతా వచ్చు. ఆఫీసువాళ్లు దొంగరాత రాశారని తేలితే మాత్రం రద్దు చేసి కొత్తది ఇస్తారు. అదీ వచ్చు.

"ఒక దారుంది," అన్నాడు. "నేనే రాశానని ఒప్పుకోవాలి. ఉద్యోగం పోతుంది. మీ వదిన, పిల్లలు... ఏం చెయ్యమంటావమ్మా?"

చెల్లెలు కిటికీ ఊచలు పట్టుకుని ఆయన్నే చూసింది.

"అప్పుడు నన్ను అడిగే రాశావా?"

గుమస్తా ఒక తెల్లకాగితం ముందుకు లాక్కుని, పైన తన పేరు రాశాడు.