కట్టేసిన స్విచ్చు

అనూరాధ విజయనగరం కోడలై ఏడాది దాటింది. నెల్లిమర్ల రోడ్డు మీదున్న ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ పని ఆమెదే. గదిగదికీ నెట్ పంచే ఇనప పెట్టెల్ని స్విచ్చులంటారు. ఆ స్విచ్చులకీ, రూటర్లకీ ఒక్కొక్కదానికీ లోపల కమాండ్లు రాసి, "నీ ఒంట్లో ఎలా ఉందో ఎప్పటికప్పుడు నాకు చెప్పు" అని నేర్పింది. అవి చెప్పే కబుర్లన్నీ ఆమె గదిలోని తెర మీదికి వస్తాయి. బాగుంటే పచ్చచుక్క, మూగబోతే ఎర్రచుక్క.

ఆ వేళ కాలేజీ యజమాని నరసింగరావు ఆ తెర చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే అనూరాధ ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే పనంతా బయటి కంపెనీకి ఇచ్చేద్దామని ప్రిన్సిపాల్ మోహనకృష్ణ అప్పటికే ఆయన చెవిలో వేసి ఉంచాడు.

అన్నీ సర్దుకున్నాక హాస్టల్లో స్విచ్చు ఒకటి మేకు ఊడి వేలాడుతోందని గుర్తొచ్చింది. హాస్టల్ ఆయా దాలమ్మకి ఫోను చేసింది.

"దాలమ్మక్కా, మెట్ల కింద నెట్ స్విచ్చు ఉన్నది కదా, జర కట్టెయ్యవా?"

"ఇప్పుడే కట్టీమంటావేటి? పిల్లలు నన్ను పీక్కు తింటారే తల్లీ!"

పెట్టె కడితే పిల్లలకేం బాధో అనూరాధకి అర్థం కాలేదు. "ఏమనరు. నేను చెప్పిన్నని చెప్పు. గట్టిగ కట్టు."

"గట్టిగా కట్టడమేటో, సదువుకున్నోల బాస!" అని గొణుక్కుంటూ దాలమ్మ ఫోను పెట్టేసింది.

నరసింగరావు వచ్చి కుర్చీ నిండా కూర్చున్నాడు. అనూరాధ పచ్చచుక్కలు చూపిస్తూ ఉండగానే హాస్టల్ చుక్క ఎర్రబడింది.

"అదేటమ్మా, బొట్టెట్టినట్టు?"

ఆమె గాభరాలో దాలమ్మకి ఫోను కలిపి స్పీకర్లో పెట్టేసింది. "అక్కా, స్విచ్చు కట్టినవా?"

"కట్టీసినాను. నువ్వే కదా కట్టీమన్నావు!"

"సరిగ కట్టలేదేమో. మంచిగ కట్టు. పక్కదాన్ని గూడ కట్టు!"

"అదీ కట్టీనా? నీ ఇష్టం."

రెండో చుక్కా ఎర్రబడింది.

నరసింగరావు బొజ్జ కదలడం మొదలెట్టింది. "ఏ ఊరమ్మా మీది?"

"కరీంనగర్ సార్. పెట్టె ఊడి వేలాడుతున్నదని తాడుతోని కట్టమన్న."

"అదీ సంగతి! మా కాడ లైటు ఏసీమంటే ఎలిగించమని, కట్టీమంటే ఆర్పీమని. నువ్వు తాడట్టుకుని కట్టమన్నావు, అది నిజంగా కట్టీసినాది!"

తాడు పేరు చెప్పుకుని ఉద్యోగం తెగిపోయిందనుకుంది అనూరాధ. కానీ ఆయన తెర దగ్గరికి జరిగాడు.

"అయితే ఎవరు ఎక్కడ ఏది కట్టీసినా, ఇక్కడ కూకునే నీకు తెలిసిపోతాదన్నమాట."

"అవును సార్."

ఆయన ఫోను లాక్కున్నాడు. "ఒసే దాలమ్మా, నేనే, నరసింగరావుని. ఆ రెండూ ఏసీ." చుక్కలు కాసేపటికి పచ్చబడ్డాయి. "కట్టీ." ఎర్రబడ్డాయి. "మల్లీ ఏసీ." రిమోటు చేతికొచ్చిన పిల్లాడిలా అయిపోయాడు పెద్దాయన. "ఇప్పుడు ఆపీసుకెల్లి అక్కడిది కట్టీ!"

"సార్, వద్దు సార్, అక్కడ అడ్మిషన్లు..."

ఆయన వింటేనా! రెండు నిమిషాల్లో ఆఫీసు చుక్క ఎర్రబడింది. ఆ వెంటనే ప్రిన్సిపాల్ ఊడిపడ్డాడు.

"చూశారా సార్! అడ్మిషన్ల కోసం వచ్చినవాళ్లు కొట్టేలా ఉన్నారు. అందుకే కంపెనీకి ఇద్దామన్నాను. నెట్ ఎవరు ఆపారో ఈవిడకి తెలుసా అసలు?"

నరసింగరావు ఫోనున్న చెయ్యి కుర్చీ వెనక్కి పెట్టాడు.

"బాబూ," అంది కుర్చీ వెనకనుంచి దాలమ్మ గొంతు, "ఈ పక్క లైబ్రరీది కూడా కట్టీమంటారా?"

ప్రిన్సిపాల్ కుర్చీకేసి చూశాడు. నరసింగరావు "ఊఁ" అని గొంతు సవరించుకున్నాడు.

"తెలుస్తాదయ్యా. ఎక్కడ ఏది ఆగినా ఈ అమ్మికి తెలుస్తాది. కళ్లారా సూసినాను. పర్మనెంటు కాయితాలు నువ్వే రాయించి తే."

"బాబూ, కట్టీసినాను!"

ఇంకో చుక్క ఎర్రబడింది. అనూరాధ గబగబా ఫోను అందుకుంది.

"ఏసీ అక్కా! అన్నీ ఏసీ!"