లోపల వదలని అంగుళం

టైలరు ఇరవై ఆరేళ్ళుగా ఏ బట్ట కుట్టినా పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలేవాడు. మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేయడానికి. పైకి కనిపించని ఆ అంగుళమే తన పనితనమని నలుగురికీ చెప్పుకునేవాడు.

కిందటి చలికాలం అతని మెడ పక్కన బఠాణీ గింజంత గడ్డ లేచింది. డాక్టరు నొక్కి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, "చూద్దాం" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని టైలరు తన చావు తానే ఖాయం చేసేసుకున్నాడు. మూడు వారాల తర్వాత ఏమీ లేదు, మామూలు వాపేనన్నారు. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆ మూడు వారాలూ దుకాణంలో తను చేసిన పని మాత్రం టైలరు భార్యకు కూడా చెప్పలేదు.

ఇవాళ పొద్దున్నే కండక్టరక్క వచ్చింది. బస్సులో టిక్కెట్లు కొట్టే మనిషి. పెద్ద జబ్బు చేసి ఏడాది మంచాన పడింది. మళ్ళీ డ్యూటీలో చేరాలని ఆ చలికాలంలోనే, ఎముకల గూడులా వచ్చి, యూనిఫాం కోటుకు కొలతలిచ్చింది. "లోపల గుడ్డ దండిగా వదులు తమ్ముడూ, నేను ఒళ్ళు చేస్తా చూడు" అని మరీ చెప్పింది.

నిజంగానే ఒళ్ళు చేసింది. బుగ్గలు నిండాయి. కోటు బొత్తాలు పట్టడం లేదు.

"చెప్పానా లేదా! నేనెక్కగానే బస్సు ఓ పక్కకి ఒరుగుతోందంటున్నాడు మా డ్రైవరు. కాస్త వదులు చెయ్యి. ఇక్కడే కూర్చుంటా."

టైలరు కోటు మడత పెట్టబోయాడు. "రేపు రా అక్కా."

"రేపేంటి? గంట పని. నాకు తెలీదా?"

కోటు తిరగేశాడు. చూడనక్కర్లేదు, తెలిసిందే. పక్క కుట్ల లోపల పావంగుళం కూడా లేదు. కత్తిరించిన అంచు ఎక్కడా వంకర పోలేదు. ఆ రోజు చెయ్యి వణకనైనా వణకలేదన్నమాట.

సుద్దగీత గీసి, అలవాటుగా అంగుళం అవతల కత్తెర పెట్టి ఆగాడు ఆ రోజు. విప్పడానికి నేనుండాలిగా అనుకున్నాడు. ఆ వెనకే ఇంకో మాట వచ్చింది, ఈవిడ మాత్రం ఉంటుందా అని. కత్తెర గీత దగ్గరికి జరిగింది. ఆ మూడు వారాల్లో కుట్టిన పదకొండు బట్టలూ అంతే. తను పోతే ఇక లోకంలో ఎవరూ లావెక్కరన్నట్టు, పిల్లలు ఎదగరన్నట్టు.

బొత్తాలు కుడుతున్న భార్య లేచొచ్చి కోటు లోపలికి చూసింది. మొగుడి ముఖం చూసింది. గొంతు తగ్గించి, "గుడ్డ నాసిరకం, ఉతికితే కుంచించుకుపోయిందని చెప్పు. ఆవిడకేం తెలుస్తుంది?" అంది.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే కండక్టరక్క నమ్ముతుంది. నమ్ముతుందనే తలెత్తలేకపోయాడు.

"అక్కా, లోపల గుడ్డ లేదు."

"అదేంటి? వదలమన్నాగా."

"వదల్లేదు. అప్పుడు నా మెడలో గడ్డ... నేను పోతాను, ఇక విప్పేదెవరులే అనుకున్నా."

అక్కడితో ఆపొచ్చు. ఆపితే కాస్త జాలి కూడా దక్కుతుంది.

"నువ్వు కూడా ఉండవనుకున్నానక్కా."

భార్య చేతిలో బొత్తం జారి బల్ల కిందకి దొర్లింది. ఎవరూ వంగలేదు.

కండక్టరక్క కోటు వంకే చూస్తూ కూర్చుంది. "అప్పుడు అందరూ అదే అనుకున్నారులే. మా ఇంట్లోవాళ్ళు కూడా. ముఖాలు చూస్తే తెలిసిపోయేది. నువ్వు మాత్రం టేపు పట్టుకుని, చెయ్యెత్తు, ఇటు తిరుగు అంటూ మామూలుగా కొలిచావు. వీడొక్కడు నన్ను బతికే మనిషిలా చూశాడనుకుంటూ ఇంటికెళ్ళా ఆ రోజు."

టైలరుకు ఆ బొత్తంలా తనూ ఏ బల్ల కిందకో దొర్లిపోవాలనిపించింది.

"తిట్టక్కా."

"తిడితే కోటు పడుతుందా? రెండింటికి డ్యూటీ ఎక్కాలి. ఏదో ఒకటి చెయ్యి."

"రెండు పక్కలా పట్టీలు వేస్తా. రంగు కలవదు. కనబడిపోతుంది."

"కనబడనీ. అడిగినవాళ్ళందరికీ నీ పేరే చెప్తా."

"చెప్పు" అన్నాడు. టేపు చుట్టాడు. "ఊపిరి వదులక్కా."

"వదలమంటావేం, ఎంత కష్టపడి నిలబెట్టుకున్నానో!"

భార్య నవ్వేసింది. టైలరుకు నవ్వు రాలేదు. పట్టీల్లో ఒక్కోవైపు రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టాడు.

ఆవిడ వెళ్ళాక కొలతల పుస్తకం తీశాడు. ఇంకా పది ఉన్నాయి. మొదటిది వీధి చివర ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్ల గౌను. చెప్పులు వేసుకుంటుంటే భార్య, "ఫోను చేస్తే సరిపోదా?" అంది.

"ఫోన్లో అయితే గుడ్డ కుంచించుకుపోయిందనే వస్తుంది నోటికి" అని మెట్లు దిగాడు.