ఊ కొట్టిన గొంతు

విశ్వవిద్యాలయం లైబ్రరీ కింది అంతస్తులో కిటికీలు లేని గది ఒకటుంది. గోడలకు మెత్తటి పలకలు అంటించారు. అక్కడ మాట్లాడితే మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది. ఆ గదిలో పనిచేసే అక్క మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ వేలాడుతుంటాయి కాబట్టి, మనసులో ఆమెకు హెడ్‌ఫోన్స్ అక్క అని పేరు పెట్టుకున్నాను.

అమ్మమ్మ చెప్పిన కథల క్యాసెట్లను మా పెద్దమామయ్య ఈ లైబ్రరీకి ఇచ్చాడు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ మాట ఏ కథలో ఉందో ఎవరైనా వెతుక్కునేలా చేస్తున్నారు. ఇంకో ఊరి లైబ్రరీ కూడా ఈ పనిలో చేయి కలిపింది. ఇక్కడి వాటికి అక్కడొక నకలు, అక్కడి వాటికి ఇక్కడొక నకలు. ఒకచోట నీళ్లొచ్చినా, నిప్పంటుకున్నా రెండోచోట మిగులుతాయని.

అమ్మమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె తాతయ్య కోసం వచ్చింది. ఆయన పోయాక ఫోటోలు మిగిలాయి గానీ గొంతు మిగల్లేదు. ఒక్క క్యాసెట్‌లోనే, ఆమె కథకు ఆయన ఊ కొట్టాడు.

"మీ తాత మాటల పిసినారి. ఈ పిల్లను చేసుకుంటావా అని వాళ్లమ్మ అడిగితే కూడా ఊ అనే అన్నాడట," అని బస్సులో దారంతా చెప్పింది.

అక్క కంప్యూటర్లో ఆ కథ పెట్టింది. వయసులో ఉన్న అమ్మమ్మ గొంతు గణగణ మోగింది. "అనగనగా ఒక బద్ధకస్తుడు. వాడికి వాడి నీడ మొయ్యడం కూడా బరువే."

అమ్మమ్మ చెవి ముందుకు వంచింది. కథ ఆగకుండా సాగిపోయింది.

"ఏడీ?" అంది.

"ఎవరండీ?"

"మా ఆయన. ఇక్కడ ఊ అనాలి."

అక్క ముఖం వాడిపోయింది. "ఆ మధ్యలో వచ్చే శబ్దమా? దానివల్ల కంప్యూటర్ తికమకపడుతోందని తీసేశానమ్మమ్మా. కథ శుభ్రంగా ఉంటుందని..."

"బియ్యంలో రాళ్లేరినట్టు ఏరేశావా తల్లీ?"

అమ్మమ్మ నవ్వుతూనే అంది. కానీ నా మణికట్టు మీద ఆమె పట్టు బిగిసింది.

అక్క గబగబా వెతికింది. బాగుచేసిన దాన్ని అప్పట్లోనే పాతదాని మీద భద్రపరిచేసింది, పాతది మిగల్లేదు. క్యాసెట్ మళ్లీ తిప్పుదామంటే, మొదటిసారికే రిబ్బన్ పొడిపొడిగా రాలిపోయింది.

"ఏడవకు తల్లీ. కావాలని చేశావా ఏంటి?" అంది అమ్మమ్మ. ఆ మాట అన్నాక తనే కళ్లు తుడుచుకుంది.

అక్క రెండో లైబ్రరీకి ఫోన్ చేసింది. "ఈ కథకు మేం కొత్తది పంపాక, మీ దగ్గరున్న పాతది చెరిపేశారా?"

అవతల ఒక పెద్దాయన. "మేం ఏదీ చెరపమమ్మా. కొత్తదొస్తే పాతదాని పక్కన కూర్చోబెడతాం. చోటు సరిపోవట్లేదని పైవాళ్లు రోజూ తిడుతూనే ఉంటారు. ఉండు, పంపిస్తున్నా."

అది రాగానే అక్క పెట్టింది.

"వాడికి వాడి నీడ మొయ్యడం కూడా బరువే."

"ఊఁ."

కొంచెం బొంగురుగా, కొంచెం అలసటగా ఉంది. అమ్మమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పోనుపోను ఊకీ ఊకీ మధ్య దూరం పెరిగింది. "వింటున్నావా?" అని క్యాసెట్‌లో అమ్మమ్మ అడిగింది. జవాబుగా సన్నటి గురక వచ్చింది. నాకు నవ్వాగలేదు.

కథ మాత్రం ఆగలేదు. గొంతు తగ్గించి, చివరిదాకా చెప్పింది.

"తాతయ్య నిద్రపోయాడుగా, ఇంకెవరికి చెప్పావు?" కొత్తవాళ్ల ముందు నా నోట మాట ఎలా వచ్చిందో తెలియదు.

"ఆపితే నిద్ర లేచేస్తాడే. పొద్దంతా మూటలు మోసొచ్చిన మనిషి."

అక్క కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "ఇది అందరూ వినేలా పెట్టమంటారా? మీరు ఎంతవరకు అంటే అంతవరకే."

అమ్మమ్మ తల ఊపింది. "ఊ కొట్టినంతవరకు అందరికీ పెట్టు. గురక మొదలైన దగ్గర్నుంచీ మా ఇంటికివ్వు."

"మరి కథ సగంలో ఆగిపోతుంది కదమ్మమ్మా!"

"మిగతాది కావాలన్నవాళ్లని మా ఇంటికి రమ్మను. చెప్తాను. ఊ కొట్టడం మాత్రం వచ్చుండాలి."

అక్క ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కథ కింద రాసి, రెండో లైబ్రరీకి కూడా పంపింది.